వాకిటికి వచ్చు ఛాయాగ్రాహకుడు

రూపచిత్రములు తీయు వృత్తికి ఒక గది, గదిమీద ఒక బోర్డు, బోర్డు క్రింద చిత్రములు నింపిన అద్దాల బీరువా ఉండి తీరవలెనని మనవారిలో చాలమంది నేటికిని తలంచుచున్నారు. ఆ గది లేని ఛాయాగ్రాహకుడు వారి దృష్టిలో ఇంకను నిలదొక్కుకొనని వాడు, లేదా నిలదొక్కుకొని చితికిపోయినవాడు. ఈ తలంపు ఎచ్చటనుండి వచ్చినదని విచారించినచో దాని మూలము కళయందు గాక రసాయనశాస్త్రమునందు కనబడును. 1839లో పారిస్ నగరమున డాగెర్ పద్ధతి లోకమునకు వెల్లడియైన నాటికి, వెండిపూత గల రాగిరేకు వెలుతురును గ్రహించుటకు నిమిషముల కాలము పట్టెడిది. కూర్చున్నవాడు కదలకుండ తలవెనుక ఇనుపపట్టు బిగింపవలసి యుండెడిది. 1841లో రిచర్డ్ బియర్డ్ లండనులోని రాయల్ పాలిటెక్నిక్ భవనముమీద ఐరోపాలోకెల్ల మొదటి రూపచిత్రశాలను తెరచినప్పుడు, దానిని మేడపైన అద్దాల కప్పు క్రింద, కన్నులు చెదరకుండుటకై నీలిగాజు పలకల నడుమ అమర్చినది విలాసముకొరకు గాదు, ఆకాశమునుండి వచ్చు వెలుతురులో రవ్వంతయు జారిపోకుండ పట్టుకొనుటకే.

ఆ అవసరము ఎంతోకాలము నిలువలేదు. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన కొలోడియన్ పద్ధతిలో గాజుపలకమీది పూత తడిగా నున్నంతలోనే చిత్రము తీసి, తడియారక పూర్వమే చీకటిగదిలో కడుగవలసి యుండుటచేత, ఊరు కదలదలచినవాడు చీకటిగదిని గూడ వెంట గొనిపోయెను. 1855లో క్రిమియా యుద్ధభూమికి బోయిన రోజర్ ఫెంటన్ ఒక ద్రాక్షసారాయి వర్తకుని బండిని కొని, దానినే చీకటిగదిగా మార్చుకొని, ఎండకు ఉడికిపోవు ఆ పెట్టెలో పలకలు కడుగుచు 350కి పైగా చిత్రములు సాధించెను. వానిలో పెక్కు, శిబిరముల ముంగిట నిలిచిన సైనికాధికారుల రూపచిత్రములే. 1871లో రిచర్డ్ మాడాక్స్ పొడిపలకకు దారిచూపిన పిమ్మట బండియు అక్కరలేక పోయినది. స్టూడియోను కట్టించిన కారణము నూటయేబది ఏండ్లక్రిందటనే సడలిపోయినది. కట్టడము మాత్రము ఆచారముగా నిలిచినది.

స్థిరమైన స్టూడియో లేకుండుట లోపము గాదనియు, అది తనదైన విద్యయు తనదైన లెక్కయు గల వేరొక వృత్తిమార్గమనియు నా నమ్మకము. ఆ విద్య నేర్వక, ఆ లెక్క వేయక, ‘నాకు అద్దె లేదు గనుక చవుకగా తీయుదును’ అని బయలుదేరువాడు తన్ను తాను నష్టపరచుకొనుటయే గాక తనవంటి వారినందరిని నష్టపరచును.

ఈ మార్గమున నడచినవారు అల్పులు గారు. జర్మనీ దేశమున ఆగస్ట్ సాండర్ 1910లో కొలోన్ నగరమున చిత్రశాల పెట్టెను గాని, వచ్చు బేరములు చాలక, సైకిలుమీద కెమెరా కట్టుకొని, తాను పుట్టిన ఊరికి చేరువనున్న వెస్టర్‌వాల్డ్ కొండపల్లెలకు బోయి, రైతులను వారి వాకిళ్లలోనే, వారి బాటలమీదనే నిలిపి చిత్రములు తీసెను. కూటికొరకు పట్టిన ఆ సైకిలు ప్రయాణములనుండియే ఒక సమాజమునంతటిని ముఖములలో చూపవలెనను మహాసంకల్పము ఆయనకు కలిగినది. 1929లో వెలువడిన 60 చిత్రముల గ్రంథమునకు బీజము అచ్చటనే పడినది. ఆఫ్రికాలో బమాకో నగరవాసి సేదూ కేయితా తన ఇంటి ఆవరణలో, పగటి వెలుతురులో, తన మంచముమీది దుప్పటినే వెనుకతెరగా గట్టి, ఒక్కొక్కరికి సాధారణముగా ఒక్కమారే కెమెరా మీటి, ఒక తరమువారి సౌందర్యమును లోకమునకు చూపెను. ఏ చిత్రము ఏనాటిదో వెనుకనున్న గుడ్డను జూచి ఆయన తరువాతికాలమున చెప్పగలిగెను.

మన సికిందరాబాదుతో పెనవేసుకొన్న రాజా దీన్‌దయాళ్ కథ దీనికి ఎదురుగా నిలుచునట్లు తోచును గాని, నిజమునకు ఇదే సత్యమును బలపరచుచున్నది. ఇందూరులో ఇంజనీరింగు శాఖోద్యోగిగా నుండి, మధ్యభారతమంతయు తిరిగి కెమెరావిద్యలో చేయి తిరిగినవాడై, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడైన ఆ మహనీయునికి గొప్ప చిత్రశాలలు లేకపోలేదు. అయినను ఘోషాస్త్రీలు ఆ చిత్రశాలల మెట్లెక్కజాలరని గ్రహించి, 1892లో హైదరాబాదున స్త్రీలకొరకే ఒక ఆంగ్లవనిత పర్యవేక్షణలో వేరుగా జనానా స్టూడియో నెలకొల్పెను. రాలేనివారు ఎప్పుడును ఉందురు. వారికొరకు ఎవరో ఒకరు కదలవలెను. ఘోషా చాలవరకు పోయినది. కాని మోకాళ్లనొప్పులతో రెండవ అంతస్తు ఎక్కలేని తాతగారు, ఇల్లు కదలరాని బాలింత, పక్షవాతముతో మంచము పట్టిన మేనత్త, క్రొత్తచోట నోరు విప్పని చిన్నబిడ్డ నేటికిని ఉన్నారు.

తెలుగునాట ఈ వృత్తికి పూర్వరంగము తిరునాళ్లలో నున్నది. జాతర జరుగు ఊరిచివర డేరా గుడ్డలు కట్టి, తాజమహలు వ్రాసిన తెరయొకటి, అట్టతో చేసిన విమానమో కారో యొకటి నిలిపి, క్రొత్తగా పెండ్లియైన జంటలను దానిలో కూర్చుండబెట్టి తీసినవారు మన తొలి సంచార స్టూడియోల యజమానులు. కచేరీల ఎదుట చెట్లక్రింద మూడుకాళ్ల స్టాండుమీద చెక్కపెట్టె నిలిపి, నల్లగుడ్డ తొడుగులో చేయి దూర్చి, పెట్టెలోపలనే కాగితమును కడిగి, వచ్చిన నెగటివు కాగితమును కెమెరా ఎదుట నిలిపి దానిని మరల చిత్రించి, కొలది నిమిషములలో చేతిలో పెట్టినవారికి ఆ పెట్టెయే స్టూడియో, ఆ పెట్టెయే చీకటిగది. 1993లో ఎన్నికల సంఘము ఫోటో గుర్తింపు కార్డులకు ఆదేశించిన తరువాత, బడి వరండాలో తెల్లగుడ్డ కట్టి ఊరివారిని వరుసగా కూర్చుండబెట్టిన ఫోటోగ్రాఫర్లు తీసిన ఆ చిన్న చిత్రమే, ఎందరో వృద్ధులకు జీవితమున మిగిలిన ఒకే చిత్రమై, వారు పోయిన పిమ్మట పెద్దదిగా చేయబడి, పూలదండతో గోడకెక్కినది. ఆ చిత్రము ఇంకొంచెము శ్రద్ధతో, ఇంకొంచెము మంచి వెలుతురులో తీయబడియుండిన ఎంత బాగుండెడిదో ఆ ఇండ్లకు బోయినప్పుడెల్ల నాకు తోచును.

స్టూడియో యను కట్టడమును విప్పివేసినచో లోపల మిగులునది ఏమని తెలిసికొనుటకు ఇద్దరు అమెరికనుల పని చూడవలెను. ఇర్వింగ్ పెన్ 1948 డిసెంబరులో పెరూ దేశపు కుజ్కో నగరమునకు బోయి, స్థానిక ఫోటోగ్రాఫరు చిత్రశాలను క్రిస్మసు దినములలో అద్దెకు దీసికొని, కొండలనుండి దిగివచ్చిన జనులను అందలి పగటి వెలుతురులో చిత్రించెను. ఆ అనుభవముతో, అట్టి గది ప్రతిచోట దొరకదు గనుక, తానే ఒక గుడారపు స్టూడియోను సిద్ధపరచుకొని, 1967 మొదలుకొని దహోమీ, నేపాలు, కామెరూన్, న్యూగినీ, మొరాకో దేశములకు గొనిపోయెను. ఆ చిత్రములు 1974లో గ్రంథముగా వెలువడినవి. గుడారమునకు ఒకవైపు తెరచియుండును. ఆవైపునుండి మెత్తని వెలుతురు ప్రవేశించును. వెనుక సాదా తెర. ఆ గుడారము కూర్చున్నవారి ఇల్లును గాదు, చిత్రకారుని ఇల్లును గాదు. రెండిటికిని నడుమనున్న ఆ చోటున ఇరువురును అతిథులే యగుటచేత, ఒకరికొకరు మర్యాద ఇచ్చుకొనవలసివచ్చెను. రిచర్డ్ అవెడన్ గుడారమును గూడ వదలి, 1979 మొదలు 1984 వరకు అమెరికా పశ్చిమ రాష్ట్రములలో తిరుగుచు, తొమ్మిదడుగుల వెడల్పుగల తెల్లకాగితమును ఏదో ఒక గోడకో ట్రైలరు ప్రక్కకో అంటించి, నీడపట్టుననే నిలుచుండబెట్టి, గనికార్మికులను పశువులకాపరులను మొదలుగా 752 మందిని చిత్రించెను. ఆయనకు గావలసినది నీడ, కాగితము, ఎదుటి మనిషి.

ఒకే దిక్కునుండి వచ్చు వెలుతురు, మాటలాడని వెనుకభాగము, మనిషికిని కెమెరాకును నడుమ తగినంత దూరము, ఎవరును తొందరపెట్టని కొంత సమయము కుదిరినచో అది స్టూడియోయే. ఇవి మన ఇండ్లలో దొరకునా యని సందేహించువారికి, పుష్కలముగా దొరకునని నా సమాధానము.

మన పాతయిండ్ల మండువాను చూడుడు. నడుమ ఆకాశము, నాలుగువైపుల వాలిన చూరు. నడిమధ్యన కూర్చుండబెట్టినచో వెలుతురు నెత్తిమీదనుండి పడి కన్నులు గుంటలుగా కనబడును. చూరుక్రిందికి రెండడుగులు జరిపి, ముఖము ఆకాశమువైపు త్రిప్పినచో అదే వెలుతురు ఏటవాలుగా వచ్చి చెక్కిళ్లను నిమిరి, కనుపాపలో ఒక తెల్లని మెరుపు నిలుపును. లండనులో బియర్డ్ అద్దములతో సాధించినదానిని మన పెంకుటిండ్ల మేస్త్రీలు దూలములతో ఎన్నడో సాధించిరి. మండువా లేనిచోట పంచ కలదు, అరుగు కలదు, వసారా కలదు. అపార్ట్‌మెంటులో బాల్కనీ తలుపు కలదు.

ఉత్తరపు కిటికీ వెలుతురు శ్రేష్ఠమని ఐరోపావారి పుస్తకములు చెప్పుమాటను మనవారు గ్రుడ్డిగా నమ్మరాదు. అచ్చట సూర్యుడు ఏడాది పొడుగునను మధ్యాహ్నమునకు దక్షిణముననే నుండును గనుక ఆ మాట చెల్లినది. మన అక్షాంశములలో అట్లు గాదు. హైదరాబాదున మే 9, ఆగస్టు 3 తేదీల ప్రాంతమున మిట్టమధ్యాహ్నము సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చి నిలువుకంబమునకు నీడ లేకుండ చేయును. ఆ రెండు తేదీల నడిమికాలమున ఉదయమునుండి సాయంకాలమువరకు సూర్యుడు ఉత్తరపువైపుననే సంచరించును. ఆ మూడునెలలు ఎండ తగులని నిలుకడయైన వెలుతురు దక్షిణపు కిటికీయందే లభించును. తమ ఊరి సూర్యుని నడక ఎరిగిన ఫోటోగ్రాఫరు ఏ ఇంటికి ఏ వేళ పోవలెనో ఫోనులోనే చెప్పగలడు: ‘అమ్మా, మీ ముందుగది కిటికీ ఏవైపు ఉన్నది?’ అనునది అతని మొదటి ప్రశ్న.

తరువాత గోడలు. లేతాకుపచ్చ సున్నము, నీలిరంగు డిస్టెంపరు మన ఇండ్లకు ప్రియమైన రంగులు. వెలుతురు ఆ గోడలకు తగిలి మరలి ముఖముమీద పడునప్పుడు ఆ రంగునే మోసికొనివచ్చి, ఆరోగ్యవంతుని గూడ రోగివలె చూపును. ఆ గోడకు తెల్లని దుప్పటి గాని ఉతికిన పంచె గాని వ్రేలాడగట్టినచో రంగు తొలగి వెలుతురు మిగులును. నీడవైపు థర్మోకోల్ షీటు నిలిపినచో ముఖము నిండుగా వచ్చును. అచ్చటనే నల్లశాలువ నిలిపినచో చెక్కిలి ప్రక్కన నీడ చిక్కబడి ముఖమునకు ఆకృతి వచ్చును. ట్యూబులైట్లు ఆర్పవలెను, రెండురంగుల వెలుతురులు కలసిన ముఖమును ఏ కంప్యూటరును పూర్తిగా శుద్ధి చేయలేదు. వెనుకతెరకై 2.72 మీటర్ల కాగితపు చుట్ట మన గదులకు పట్టదు, 1.35 మీటర్లది ఒక్క మనిషికి చాలును, ఆటోలో పట్టును. గుడ్డతెర యైనచో మడువరాదు, చాపచుట్టవలె చుట్టి తేవలెను, లేనిచో మడతలన్నియు చిత్రమున కనబడును. కెమెరాను ముఖమునకు రెండు మీటర్ల లోపునకు తేకుండుట మేలు. దగ్గరకు జరిగినకొలది ముక్కు పెరిగి చెవులు వెనుకకు పోవును, తమ ముఖమట్లు లేదని ఇంటివారు నొచ్చుకొందురు, వారి నొప్పి న్యాయమైనది.

ఇంటివద్ద తీయుటలో నేను అన్నిటికంటె విలువైనదిగా ఎంచునది వేరొకటి కలదు. స్టూడియోలో మనిషి పరాయిచోట నుండును. చేతులు ఎచ్చట పెట్టుకొనవలెనో తెలియదు. ఇంటిలోనన్ననో, తనకు అలవాటైన పడకకుర్చీలో కూర్చున్న ముసలాయన చేయి ఆ కుర్చీచేతిమీద ముప్పది ఏండ్లనుండి ఎట్లు వ్రాలుచున్నదో అట్లే వ్రాలును. వంటింటిలోనుండి మనుమరాలు ‘తాతయ్యా, ఇటు చూడు’ అని పిలిచినప్పుడు ఆ ముఖమున కలుగు వికాసమును ఏ దీపములతోను కల్పింపజాలము. ఫోటోగ్రాఫరు ఆ క్షణమునకు ముందుగా సిద్ధమై యుండవలెను, అంతే.

ఇక లెక్క. అద్దె లేదు, కరెంటు బిల్లు లేదు, అంతయు లాభమే యనునది ఈ వృత్తిలో ప్రవేశించువారిని ముంచు భ్రమ. స్టూడియోవానికి దారినపోవువారు పాస్‌పోర్టు సైజు ఫోటోలకు లోపలికి వచ్చి దినభత్యము నిచ్చిపోవుదురు. బోర్డు రాత్రింబవళ్లు అతనికొరకు పిలుచుచునే యుండును. సంచారికి ఆ రెండును లేవు. ఒక గంట చిత్రములు తీయుటకు ఇల్లు చేరుట, సామాను దింపుట, వస్తువులు జరుపుట, మరల సర్దుట, తిరిగివచ్చుట, చిత్రములు ఏరుట, దిద్దుట కలిపి మరి ఆరేడు గంటలు సులభముగా గడచును. కిటికీ వెలుతురు ఉదయమున రెండు మూడు గంటలు, సాయంకాలమున ఒకటి రెండు గంటలు మాత్రమే ముఖమునకు అనుకూలముగా నుండుటచేత, రోజునకు రెండిండ్లకు మించి పోజాలడు. అతడు అమ్ముచున్నది చిత్రములను గాదు, తన పగలును. కావున కూర్చుండబెట్టు రుసుము వేరు, ప్రింట్ల ధర వేరు, ఊరిబయటకు ప్రయాణపుఖర్చు వేరు అని ముందే కాగితముమీద వ్రాసి ఈయవలెను. రోజు నిర్ణయించునప్పుడే సగము అడ్వాన్సు పుచ్చుకొనవలెను. వాన కురిసినచో తేదీ మారునని, మారుటకు రుసుము లేదని అందులోనే యుండవలెను. వెలుతురు లేని ఇల్లు తగిలినచో, హైదరాబాదు వంటి నగరములలో గంటలలెక్కన అద్దెకిచ్చు స్టూడియోలు కలవు. ఆ అద్దెను కప్పిపుచ్చక బిల్లులో చూపుటయే మర్యాద.

చట్టము తెలియకుండుట ఇంకొక ప్రమాదము. 1957 నాటి కాపీరైటు చట్టము 17వ సెక్షను ప్రకారము, డబ్బిచ్చి తీయించుకొన్న చిత్రమునకు, వేరొక ఒప్పందము లేనప్పుడు, తీయించుకొన్నవారే మొదటి హక్కుదారులు. కావున తాను తీసిన చిత్రమునైనను తన ప్రచారమునకు వాడుకొనదలచినవాడు వారి వ్రాతపూర్వకమైన సమ్మతి పొందవలెను. సేవలు అందించు చిన్నవ్యాపారికి వార్షిక వ్యాపారపు మొత్తము మన రాష్ట్రములలో 20 లక్షల రూపాయలు దాటినప్పుడే సాధారణముగా జీయస్టీ నమోదు అవసరమగును. చిన్నవ్యాపారములకై 2020 నుండి నడచుచున్న ఉద్యమ్ నమోదుకు రుసుమే లేదు, బోర్డు లేని వ్యాపారమునకు అది ఒక చిరునామా.

ఈ వృత్తి స్త్రీలకు విశేషముగా అనుకూలించునని నా అభిప్రాయము. ఇంటి లోపలిగదులలోనికి, బాలింతల పడకటింటిలోనికి వారికి గల ప్రవేశము పురుషులకు లేదు; దుకాణమునకు పెట్టుబడి తేలేని యువతి కెమెరా, రెండు లెన్సులు, ఒక తెరతో ప్రారంభింపవచ్చును. ఎరుగని ఇంటికి పోవునప్పుడు మాత్రము తోడు లేకుండ పోరాదు. పోవు చిరునామాను ఇంటివద్ద చెప్పి పోవలెను.

స్టూడియో లేనివాడు తన చిత్రభాండారమును మరింత జాగ్రత్తగా కాపాడుకొనవలెను. దీన్‌దయాళ్ మరణించినది 1905లో. ఆయన గాజుపలకలు 2,800కు పైగా నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగా నున్నవి. మన కాలపు చిత్రములు హార్డుడిస్కు చెడిన ఒక్క మధ్యాహ్నమున మాయమగును. రెండు ప్రతులు రెండు వేర్వేరు ఇండ్లలో నుంచుట, ప్రతి ఇంటికి కనీసము ఒక్క చిత్రమైనను కాగితముమీద అచ్చువేసి ఇచ్చుట, తేదీయు పేరును వెనుక వ్రాయుట ఈ వృత్తికి విధులుగా నేను భావించుచున్నాను. ఫోనులో వేలకొలది బొమ్మలుండి, గోడకు వ్రేలాడదీయదగినది ఒక్కటియు లేని కుటుంబములు నేడు కొల్లలు.

పాఠకులకు నా విన్నపము ఒక్కటే. మీ ఇంట మెట్లు దిగలేని పెద్దలున్నచో, సంక్రాంతికి పిల్లలందరును వచ్చునప్పుడు, మీ ఊరిలోనో చేరువ పట్టణములోనో ఇంటికి వచ్చి రూపచిత్రములు తీయువారిని పిలువుడు. కూర్చుండబెట్టు రుసుమును బేరమాడక ఇండు. ముందురోజున కిటికీ దగ్గర సామాను తొలగించి, ఆ పెద్దలు కోరిన చీరనో పంచెనో ఇస్త్రీ చేయించి ఉంచుడు. చిత్రము చేతికి వచ్చిన దినముననే వెనుక వారి పేరు, ఊరు, సంవత్సరము వ్రాయుడు.